గొంగళిపురుగులూ పిల్లలూ: మెరియాన్ ఇంటి వ్యాపారం

మా ఆవిడ ఇంట్లోనే కూర్చుని పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. మాకు నాలుగేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆమెని అడిగే ప్రశ్న ఒకటే: "ఇద్దరు చిన్నపిల్లల్తో ఇదంతా ఎలా మేనేజ్ చేస్తున్నావమ్మా?" నేనూ వారంలో మూడురోజులు ఇంట్లోంచే పని చేస్తాను. ఆ ఇద్దరూ నా పిల్లలే. నన్ను మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

ఈ ప్రశ్న ఎంత పాతదో మరియా సిబిల్లా మెరియాన్ గురించి చదువుతున్నప్పుడు తెలిసింది. 1675లో యోఆఖిమ్ ఫాన్ సాండ్రార్ట్ అనే జర్మన్ చిత్రకారుడు తన దేశపు కళాకారుల చరిత్ర ఒకటి అచ్చేశాడు. అందులో న్యూరెంబర్గ్‌లో ఉన్న ఈవిడ ప్రస్తావన ఉంది. పువ్వులూ పురుగులూ బాగా వేస్తుందనీ, బట్ట మీద రంగులు వేస్తుందనీ, రాగిరేకు మీద చెక్కుతుందనీ మెచ్చుకున్నాడు. ఇంటి పనులు చక్కబెట్టుకుంటూనే ఇవన్నీ చేస్తుందని కూడా మెచ్చుకున్నాడు. అప్పటికి ఆమె వయసు 28, పెద్దకూతురికి ఏడేళ్ళు. మగ కళాకారుల ఇల్లు ఎవరు ఊడుస్తున్నారో చెప్పాలని ఏ చరిత్రకారుడికి తోచింది గనక!

మెరియాన్ పేరు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. జర్మనీ వాళ్ళు యూరోకి మారకముందు 500 మార్కుల నోటు మీద ఉన్న బొమ్మ ఈమెదే. గొంగళిపురుగు ఏ ఆకు తింటుంది, ఎప్పుడు గూడు కడుతుంది, ఏ సీతాకోకచిలుకగా బయటికొస్తుంది అన్నది అంతా ఒకే బొమ్మలో, ఆ మొక్క మీదే వేసి చూపించిన తొలితరం మనిషి. పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్న కాలం అది. ఇవన్నీ సైన్సు చరిత్రలో దొరుకుతాయి. నాకు ఆసక్తి కలిగించింది వేరే: ఆమె ఇల్లు ఎలా నడిచింది?

1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. తండ్రి మత్తేయుస్ మెరియాన్ పేరున్న ప్రచురణకర్త, ఊళ్ళ నగిషీ బొమ్మలకి ప్రసిద్ధి. ఆమెకి మూడేళ్ళప్పుడు పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకున్న యాకబ్ మారెల్ కూడా చిత్రకారుడే, పువ్వుల బొమ్మలు వేసి అమ్మేవాడు. పనిముట్లు ఇంట్లోనే ఉన్నాయి, నేర్పేవాడూ ఇంట్లోనే ఉన్నాడు. పదమూడేళ్ళకి పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్ళకి మారెల్ శిష్యుడు యోహాన్ ఆండ్రియాస్ గ్రాఫ్‌ని పెళ్ళి చేసుకుంది. 1668లో పెద్దమ్మాయి యోహానా హెలేనా పుట్టింది. సంసారం గ్రాఫ్ సొంతూరు న్యూరెంబర్గ్‌కి మారింది.

అక్కడ పెట్టిన వ్యాపారాన్ని ఇవాళయితే 'హోమ్ స్టూడియో' అనేవాళ్ళం. రంగులు అమ్మేది, వార్నిష్ అమ్మేది, బట్టల మీద పువ్వులు వేసేది. ఊళ్ళో డబ్బున్నవాళ్ళ ఆడపిల్లలకి బొమ్మలూ కుట్లూ నేర్పేది. ఆ శిష్యురాళ్ళ గుంపుకి 'అమ్మాయిల కంపెనీ' అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. 1675 నుంచి 1680 మధ్య పన్నెండేసి బొమ్మలతో మూడు విడతలుగా పువ్వుల పుస్తకం తెచ్చింది. అది చూసి కుట్టుకోవడానికి పనికొచ్చే నమూనాల పుస్తకం. అంటే కళ కోసం కళ కాదు, నెల తిరిగేసరికి ఇంట్లోకి డబ్బు రావాలి.

ఆ ఊళ్ళో నూనెరంగుల చిత్రాలు వేసి అమ్మే హక్కు మగ చిత్రకారులకే ఉండేది. ఆడవాళ్ళకి మిగిలింది నీటిరంగులు, తోలుకాగితం. అన్యాయమే, అనుమానం లేదు. కానీ ఇంజినీరు బుద్ధి కదా, ఆ పనిముట్లని ఇంకోవైపు నుంచి కూడా చూశాను. నూనెరంగు ఆరడానికి రోజులు పడుతుంది. చోటు కావాలి, వాసన, పెద్ద చట్రాలు. నీటిరంగు నిమిషాల్లో ఆరుతుంది. తోలుకాగితం ముక్క అరచేతిలో పడుతుంది. పాప ఏడిస్తే కుంచె కడిగి పక్కన పెట్టి, గంట తర్వాత వచ్చి మళ్ళీ అందుకోవచ్చు. మధ్యలో ఆపినా పాడవని పని. మెరియాన్ జీవితాంతం దాచుకున్న అధ్యయన పుస్తకం నిండా ఇలాంటి చిన్న ముక్కలే, నీలిబూడిద రంగు కాగితపు చట్రాల్లో అంటించి, పక్కన నోట్సుతో. ఇది నా ఊహ, చరిత్రకారుల మాట కాదు. కానీ మా ఆవిడ నూనెరంగులు పైన అటక మీద పడేసి నాలుగేళ్ళయింది, బాబు వయసెంతో అంత.

పురుగులు మాత్రం ఆగవు. తాజా ఆకు రోజూ పడాలి, అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు తినవు. గూడులోంచి బయటికొచ్చే రోజు నువ్వు చూడకపోతే ఆ ఏడాదికి అంతే సంగతులు. కొన్ని గూళ్ళలోంచి సీతాకోకచిలుకకి బదులు ఈగలు వచ్చేవి. అదీ రాసిపెట్టుకుంది. 1678 ఫిబ్రవరిలో రెండో అమ్మాయి డొరొతియా మరియా పుట్టింది. మరుసటి ఏడు, 1679లో, గొంగళిపురుగుల పుస్తకం మొదటిభాగం వచ్చింది. యాభై ప్లేట్లు. చంటిపిల్ల, పదేళ్ళ పిల్ల, పెట్టెల నిండా పురుగులు, నేర్చుకోడానికొచ్చే అమ్మాయిలు, చెక్కాల్సిన రాగిరేకులు, అన్నీ ఒకే కప్పు కింద.

ఆ పుస్తకం మొదటి పేజీ మీద ఆమె పేరు గ్రాఫ్ భార్యగా ఉంది. దాని వెంటనే 'కీర్తిశేషులు పెద్ద మత్తేయుస్ మెరియాన్ కుమార్తె' అని ఉంది. కింద పుస్తకం దొరికే చోటు: న్యూరెంబర్గ్‌లో చిత్రకారుడు గ్రాఫ్ దగ్గర. మొదటిసారి చూసినప్పుడు, ఒక ఆడమనిషి పుస్తకానికి ఇద్దరు మగవాళ్ళ పూచీకత్తు కావాలా అని కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులో వ్యాపార తెలివీ కనిపించింది. తండ్రి పోయి ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఆ పేరుకి బజార్లో విలువుంది, ఆమె వాడుకుంది. గ్రాఫ్‌ని ఈ కథలో విలన్ చెయ్యడం తేలిక, చాలామంది చేశారు కూడా. భార్య పుస్తకాన్ని తన పేరు మీద ప్రచురించి అమ్మిపెట్టిన మనిషి అంత సులువుగా ఆ వేషంలో ఇమడడు.

అయినా ఆ సంసారం నిలబడలేదు. 1681లో మారటితండ్రి పోయాక మెరియాన్ పిల్లల్ని తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో తల్లి దగ్గరికి వెళ్ళింది. 1683లో పురుగుల పుస్తకం రెండోభాగం వచ్చింది. 1685లో తల్లినీ ఇద్దరు కూతుళ్ళనీ వెంటబెట్టుకుని ఫ్రీస్‌లాండ్‌లోని వీవర్ట్ అనే పల్లెకి, లబాడిస్టులనే భక్తబృందంలో చేరడానికి పోయింది. ఆస్తులన్నీ ఉమ్మడి, ఆడంబరాలు నిషేధం. గ్రాఫ్ అక్కడిదాకా వచ్చి రమ్మని బతిమాలాడు. ఆమె కదల్లేదు. అతను చివరికి విడాకులు పుచ్చుకున్నాడు. ఆమె తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌లో విధవనని చెప్పుకుంది. భర్త బతికే ఉన్నాడు! ఒంటరి ఆడది వ్యాపారం చేసుకోడానికి 'విధవ' అన్నది 'వదిలేసింది' అన్నదానికన్నా మెరుగైన బోర్డు, బహుశా.

ఆమ్‌స్టర్‌డామ్‌కి 1691లో వచ్చింది. వీవర్ట్‌లోనే తల్లి చనిపోయింది. ఇప్పుడు మెరియాన్‌కి 44, పెద్దమ్మాయికి 23, చిన్నదానికి 13. ముగ్గురూ బొమ్మలు వేస్తారు. సామాన్యంగా ఈమె కథని 'పిల్లల్నీ వృత్తినీ సమతూకంగా నడిపిన మహిళ' అని ముగిస్తారు. తూకం అనాలంటే రెండు పళ్ళాలు ఉండాలి కదా. ఈ ఇంట్లో ఉన్నది ఒకటే పళ్ళెం. పిల్లలు పనికి అడ్డం అన్న దశ ఎప్పుడు దాటిందో, పిల్లలే పనివాళ్ళయ్యారు. తండ్రి చెక్కిన ఇంట్లో కూతురు చెక్కింది, ఆ కూతురి ఇంట్లో మనవరాళ్ళు వేశారు. నా పాప నా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే నా పని ఆగిపోతుంది. మెరియాన్ కూతురు రంగుగిన్నెలో చెయ్యి పెడితే చదువు మొదలయినట్టు.

అలాగని దీన్ని మరీ ముద్దుగా చూడలేం. ముగ్గురు వేసిన బొమ్మలూ బజార్లో చాలావరకు తల్లి పేరు మీదే చెలామణీ అయ్యాయి. ఏది ఎవరి చెయ్యో తేల్చడానికి ఇప్పటికీ నిపుణులు తంటాలు పడుతున్నారు. మెరియాన్‌వని అనుకున్నవి కొన్ని ఇప్పుడు కూతుళ్ళ ఖాతాలో పడుతున్నాయి. 2008లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ప్రదర్శనకి 'మెరియాన్, ఆమె కూతుళ్ళు' అనే పేరు పెట్టారు. ఆ 'కూతుళ్ళు' అన్న మాట చేరడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. మనకిది కొత్తేం కాదు. పోచంపల్లి ఇళ్ళలో ఆసు పోసేది ఎక్కువగా ఆడవాళ్ళు, చీర మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడిది.

1699లో, 52 ఏళ్ళ వయసులో, దగ్గరున్న బొమ్మలూ సేకరణలూ అమ్మేసి, వీలునామా రాసి, చిన్నకూతుర్ని తీసుకుని దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కి ఓడెక్కింది. ఏ ప్రభుత్వమూ, ఏ సంఘమూ పంపలేదు. అప్పుడు డొరొతియాకి 21. రెండేళ్ళున్నారు. చక్కెర తప్ప ఇంకేదైనా వెతుకుతున్నందుకు అక్కడి తోటల యజమానులు తనని వెక్కిరించారని మెరియాన్ తనే రాసింది.

ఈ ప్రయాణాన్ని సాహసగాథగా చదువుకుంటూ వచ్చిన నేను అక్కడే ఆగిపోయాను. అడవిలో దారి కొట్టింది ఎవరు? ఆమె దగ్గరున్న బానిసలు. మొక్కలు పెరికి తెచ్చింది, పురుగులు పట్టుకొచ్చింది, ఏ ఆకు దేనికి పనికొస్తుందో చెప్పింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలూ, అక్కడి ఆదివాసులూ. మెరియాన్ ఈ సంగతి దాచలేదు, 'నా బానిసలు' అని మామూలుగా రాసేసింది. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. న్యూరెంబర్గ్ ఇంట్లో ఆమె శ్రమనీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో కూతుళ్ళ శ్రమనీ చూడగలిగిన నా లెక్క సురినామ్‌కి వచ్చేసరికి సరిపోలేదు.

1705లో అచ్చయిన సురినామ్ పురుగుల పుస్తకంలో అరవై ప్లేట్లున్నాయి. నలభై అయిదోది రత్నగంధి. అవును, మన పెరళ్ళలో, అపార్ట్‌మెంట్ల గేట్ల పక్కన ఎర్రగా పసుపుగా పూసే రత్నగంధే. బొమ్మలో ఆ కొమ్మ మీద గొంగళిపురుగు, దాని చిలుక ఉంటాయి. పక్కన రాసిన మాటలు మాత్రం పురుగు గురించే కావు. ఈ గింజలు కాన్పు కష్టమైన ఆడవాళ్ళకి ఇస్తారని చెప్పి, డచ్చివాళ్ళు సరిగ్గా చూడని ఆదివాసీ బానిస స్త్రీలు ఇవే తిని కడుపు పోగొట్టుకుంటారనీ, తమ బిడ్డలు తమలాగా బానిసలు కాకూడదని అలా చేస్తారనీ రాసింది. ఆఫ్రికా స్త్రీల సంగతీ చెప్పింది: చాలా కఠినంగా చూస్తారు కాబట్టి వాళ్ళు పిల్లల్ని కనరనీ, కొందరు ప్రాణాలే తీసుకుంటారనీ, చనిపోతే తమ దేశంలో స్వేచ్ఛగా మళ్ళీ పుడతామని నమ్ముతారనీ. ఇది వాళ్ళ నోటి వెంటే విన్నానంది.

ఇద్దరు పిల్లల్ని పెంచుతూ వాళ్ళ చేతికి కుంచె ఇచ్చిన తల్లి ఒకవైపు. ఇంకోవైపు, ఆమెకి పువ్వులు తెచ్చిచ్చి, తాము పిల్లల్ని ఎందుకు కనమో చెప్పిన ఆడవాళ్ళు. వాళ్ళు చెప్పారు, ఆమె విన్నది, అచ్చేసింది. ఆ కాలంలో అది తక్కువ విషయం కాదు, ఎంతమంది యాత్రికులు అడిగారు గనక? కానీ విన్నావిడ యజమానురాలు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టే తీర్పు నాకు కుదరలేదు. నటాలీ జెమాన్ డేవిస్ 1995లో రాసిన పుస్తకంలో మెరియాన్‌ని ఇంకో ఇద్దరు పదిహేడో శతాబ్దపు స్త్రీల పక్కన పెట్టి చూస్తుంది. ఒకామె సన్యాసం కోసం కన్నకొడుకుని వదిలేసింది, ఇంకొకామె డజను మంది పిల్లల్ని పెంచుతూ వ్యాపారం నడిపింది. డేవిస్ కూడా ఎవరికీ మార్కులు వెయ్యదు. నాకది నచ్చింది.

1701లో ఒళ్ళు బాగా చెడి మెరియాన్ తిరుగు ఓడ ఎక్కింది. వెంట డొరొతియా, పెట్టెల నిండా సారాలో నిలవేసిన పాములూ బల్లులూ, ఒక ఆదివాసీ స్త్రీ. పుస్తకం తయారీలో ఆవిడ చెప్పిన సమాచారమూ చేరిందంటారు. ఆమె పేరు మెరియాన్ రాయలేదు. పుస్తకాన్ని సొంతంగానే అచ్చేసింది, చందాలు పోగుచేసి, చెక్కేవాళ్ళకి జీతాలిచ్చి. పెద్దకూతురు 1711లో సురినామ్ వెళ్ళిపోయింది. మెరియాన్ 1717 జనవరి 13న చనిపోయింది. అదే ఏడు డొరొతియా గొంగళిపురుగుల పుస్తకం మూడోభాగం అచ్చుకిచ్చి, రష్యాలో రాజుగారి కొలువుకి భర్తతో పీటర్స్‌బర్గ్ చేరింది. అమ్మ అధ్యయన పుస్తకం ఇప్పుడు అక్కడి అకాడమీ గ్రంథాలయంలోనే ఉంది.

మా ఇంటికి పొద్దున్నే ఏడింటికి ఒకమ్మాయి వస్తుంది, పాపని చూసుకోడానికి. ఆమె వచ్చాకే మా ఆవిడ టేబుల్ ముందు కూర్చుంటుంది, నేను మీటింగులో కూర్చుంటాను. ఆమెకీ ఇద్దరు పిల్లలని తెలుసు. వాళ్ళని ఎవరు చూసుకుంటున్నారని అడిగింది మాత్రం ఈ వ్యాసం సగం రాశాక. పెద్దదానికి తొమ్మిదేళ్ళు సార్, చిన్నోణ్ణి అదే చూసుకుంటది అంది.