పెట్రోలు ఎక్కువై మొరాయించే బండి: పశ్చిమ ప్రకాశంలో ఒక షెడ్డు విద్య

ఇంజిన్‌లోకి కావలసిన దానికన్నా ఎక్కువ పెట్రోలు చేరి, ప్లగ్గు తడిసి, నిప్పురవ్వ పుట్టక బండి స్టార్టు కాకపోవడాన్ని మెకానిక్కులు ఫ్లడ్ అవడమనీ, ఓవర్‌ఫ్లో అనీ అంటారు. పెట్రోలు ఒక్కటే మండదు. తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 15 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క బాగా తప్పితే రవ్వ పడినా మంట అంటుకోదు. బండి కదలకపోతే పెట్రోలు అందడం లేదేమోనని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే పెట్రోలు పాలు పెంచే చోక్ లాగుతారు, మళ్లీ మళ్లీ కిక్కు కొడతారు. కొట్టిన ప్రతి కిక్కూ లోపలికి మరికొంత పెట్రోలును పీలుస్తుంది. రోగం ముదిరేది అక్కడే.

పశ్చిమ ప్రకాశంలోని పొదిలి ప్రాంతానికి ఈ విషయం బాగా తెలియడానికి కారణం రోడ్డే. గుంటూరు–గుంతకల్లు రైలు దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోతుంది. పొదిలి ఆ దారిలో లేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను వచ్చేదాకా పొదిలివాళ్లకు రైలు అంటే మార్కాపురానికో ఒంగోలుకో వెళ్లి ఎక్కేదే. మిగతా ప్రయాణమంతా బస్సు, లారీ, జీపు, అద్దె కారు. ఆ తర్వాత సొంత స్కూటరు. ఊరూరా బడికి పోయే టీచరుకు, కొనకనమిట్ల, మర్రిపూడి వైపు తిరిగే గుమాస్తాకు, మార్కాపురం పలకల వ్యాపారికి స్కూటరే కాళ్లయింది.

ఆ స్కూటరు వచ్చిన దారి పొడుగైనది. ఇటలీలో పియాజియో కంపెనీ 1946లో వెస్పాను తెచ్చింది. బజాజ్ వారు 1960ల మొదట్లో లైసెన్సు మీద పూనా దగ్గర దాన్ని తయారుచేయసాగారు. లైసెన్సు గడువు తీరాక 1972లో చేతక్ వచ్చింది. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ బండి చేతికొచ్చేది కాదు. తెలుగునేల మీద తయారైన స్కూటరూ ఒకటుంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, లక్నోలోని స్కూటర్స్ ఇండియా వారి లాంబ్రెట్టా వంశపు ఇంజిన్లతో ‘పుష్పక్’ను తయారుచేసింది. ఆల్విన్ పేరు చెబితే ఫ్రిజ్జులు, బస్సులు, గడియారాలు గుర్తొస్తాయి గానీ ఈ స్కూటరును మరిచిపోవడం అన్యాయం.

చేతక్‌తో పాటే ఒక ఆచారమూ ఇల్లిల్లూ చేరింది. పొద్దున్నే బండిని స్టాండు దించి, ఒక పక్కకు బాగా వంచి, కాసేపు పట్టుకుని, నిలబెట్టి, అప్పుడు కిక్కు కొట్టడం. చూసేవాళ్లకు అదొక తంతులా ఉండేది కానీ దానికి యాంత్రికమైన కారణం ఉంది. పెట్రోలును గాలితో కలిపే కార్బరేటరు గిన్నెలో పెట్రోలు మట్టాన్ని ఫ్లోట్ అనే తేలే బిళ్ల కాపలా కాస్తుంది. గిన్నె నిండగానే అది పైకి తేలి, సూదిమొన లాంటి నీడిల్ వాల్వుతో దారి మూసేస్తుంది. బండిని వంచితే ఆ కాపలా గతి తప్పుతుంది. మట్టం ఒక పక్కకు ఒరిగి కొంత పెట్రోలు ఇంజిన్ దారిలోకి జారుతుంది. చోక్ చేసే పనే ఇది కూడా చేస్తుంది. ట్యాంకు అడుగంటినప్పుడు మిగిలిన పెట్రోలు గొట్టం వైపుకు చేరడానికీ ఈ వంపే పనికొచ్చేది. చల్లబడి ఉన్న ఇంజిన్‌కు ఒకసారి వంచితే మేలు. అప్పుడే ఆపిన వేడి బండిని వంచినా, వంచి ఆ పైన చోక్ కూడా లాగినా, ఓవర్‌ఫ్లోను చేతులారా తెచ్చుకున్నట్టే.

చేతక్ లాంటి టూ స్ట్రోక్ బండిలో ఈ చిక్కు ఇంకాస్త లోతుగా ఉంటుంది. పెట్రోలు నేరుగా సిలిండరులోకి పోదు. ముందు కింద క్రాంకు గది గుండా వెళుతుంది. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన ఆయిలు కూడా దాంతోనే వెళ్లి అక్కడి బేరింగులను తడుపుతుంది. ఎక్కువైన పెట్రోలు ఆ గది అడుగున నిలుస్తుంది. అందుకే ప్లగ్గు ఒక్కటే తుడిచి బిగిస్తే బండి నాలుగు దగ్గులు దగ్గి మళ్లీ ఆగుతుంది. ప్లగ్గు మళ్లీ తడిసి బయటికొస్తుంది.

షెడ్డులో పని సాగే వరుస ఇది. ముందు పెట్రోలు ట్యాపు మూస్తారు. ప్లగ్గు విప్పి మొన చూస్తారు. తడిగా, నల్లగా, జిడ్డుగా ఉండి పెట్రోలు వాసన కొడితే ఫ్లడ్ అయినట్టే. పొడిగా ఉంటే మాత్రం పెట్రోలే రావడం లేదని అర్థం, అప్పుడు వెతకాల్సిన చోటు వేరు. ఈ ఒక్క చూపుతో సగం పని తేలిపోతుంది. తర్వాత రేజు (ఎక్సలేటరు) పూర్తిగా తిప్పి పట్టుకుని, ప్లగ్గు లేని రంధ్రంలోంచి తడి ఆవిరి రావడం ఆగేదాకా కిక్కులు కొడతారు. ప్లగ్గును గుడ్డతో తుడిచి, మసిని గరుకు కాగితంతో గీకి, మొనల మధ్య సందు సరిచూస్తారు. దాన్ని వైరుకు తగిలించి ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్కు కొడితే నీలిరవ్వ కనబడాలి. ఈ పరీక్ష ప్లగ్గు రంధ్రానికి దూరంగానే చేయాలి. లోపలి నుంచి వచ్చే ఆవిరికి రవ్వ తగిలితే మంట లేస్తుంది. అన్నీ బిగించాక ట్యాపు తెరవకుండానే స్టార్టు చేయాలి. గిన్నెలో మిగిలిన పెట్రోలు దానికి చాలు. అదీ కుదరకపోతే గేరులో వేసి తోయడమే.

కార్బరేటరు పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో రాసినవి. వాటిలో ఫ్లడింగ్‌కు మొదటి కారణం చోక్ అతిగా లాగడం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే పశ్చిమ ప్రకాశంలో చోక్ అవసరమే తక్కువ, కారణాలు వేరేచోట ఉండేవి. మట్టి రోడ్ల దుమ్మూ ట్యాంకులోని తుప్పూ కలిసి నీడిల్ మొన దగ్గర ఒక్క రేణువు ఇరుక్కుంటే చాలు, వాల్వు మూసుకోదు. పెట్రోలు రాత్రంతా కారుతూనే ఉంటుంది. రాత్రి ట్యాపు మూయమని మెకానిక్కులు పదేపదే చెప్పింది ఇందుకే. రెండో కారణం వేడి. ఎండలో తిరిగి ఆపిన బండిలో ఇంజిన్ సెగకు గిన్నెలోని పెట్రోలు పొంగి లోపలికి చేరుతుంది. అలాంటప్పుడు కాసేపు నీడలో వదిలేయడమే మంచి వైద్యం. కిరోసిన్ కల్తీ మూడోది. కల్తీ పెట్రోలు సరిగా మండక ప్లగ్గును మసిబారుస్తుంది, కొంచెం తడికే రవ్వ ఆగిపోతుంది. వాతావరణాన్ని బట్టి కారణాల వరుసను తిరగేసి నేర్చుకున్న ఆ షెడ్డు విద్య చదువుకున్న ఇంజనీరింగుకు ఏమాత్రం తీసిపోదు.

పెట్రోలు అంబాసిడర్లలోనూ ఇదే జబ్బు, ఇదే మందు. ఎక్సలేటరును ఊరికే తొక్కి వదలకుండా, ఒక్కసారి పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. గాలి దారి పూర్తిగా తెరుచుకుని లోపలి తడిని ఊడ్చుకుపోతుంది.

ప్రపంచంలో ఈ జబ్బుకు పేరుమోసిన ఇంజిన్ రోటరీ. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో మొదటి నమూనాను నడిపింది. జపాన్‌లో మాజ్డా 1967లో కాస్మో కారును, 1978లో ఆర్‌ఎక్స్-7ను తెచ్చింది. మాజ్డా పేరు మన రోడ్లకు తెలిసింది మాత్రం స్వరాజ్ మాజ్డా డీజిల్ మినీలారీల వల్ల. రోటరీకి, చేతక్ ఇంజిన్‌కు పోలిక ఉంది. రెండింటిలోనూ లేచి దిగే వాల్వులు లేవు, దారులు నేరుగా గోడలోనే తెరుచుకుంటాయి. రెండూ పెట్రోలుతో పాటు కొద్దిగా ఆయిలును కూడా కాల్చుకుంటాయి. రోటరీలో పిస్టన్‌కు బదులు మూడు మూలల రోటరు తిరుగుతుంది. దాని మూలల్లోని సీళ్లే గాలిని బిగబడతాయి. చల్లని బండిని స్టార్టు చేసి, నాలుగడుగులు జరిపి ఆపేస్తే మిగిలిన పెట్రోలు గోడ మీది ఆయిలు పొరను కడిగేస్తుంది. సీళ్లు బిగుతు కోల్పోయి కంప్రెషన్ పడిపోతుంది. కార్బరేటరుకు బదులు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లున్న పాత ఆర్‌ఎక్స్-7లలో అవి కారడం దీనికి తోడవుతుంది. అలాంటి కారుకు ఇంజెక్షన్ ఫ్యూజు తీసి పెట్రోలు ఆపుతారు, ప్లగ్గులు విప్పి సెల్ఫ్ కొట్టి తడి వెళ్లగొడతారు, రంధ్రాల్లో కొద్దిగా ఆయిలు పోసి సీళ్లకు బిగుతు తెస్తారు, నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీతో స్టార్టు చేస్తారు. ఆయిలు పోయడం ఒక్కటి తీసేస్తే మిగతాదంతా చేతక్ వైద్యమే.

పెట్రోలు చేతక్ తయారీ 2000ల నడుమ ఆగిపోయింది. ఎరువుల బస్తా నుంచి పాలక్యాను దాకా మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా 2015లో ఎక్సెల్ 100తో ఫోర్ స్ట్రోక్‌కు మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు రావడంతో కొత్త బళ్లలో కార్బరేటరు స్థానాన్ని దాదాపుగా ఇంజెక్షన్ ఆక్రమించింది. పెట్రోలు కొలత సెన్సార్ల చేతికి పోయింది. అయినా మిరప, పత్తి చేలల్లో మందు కొట్టే రైతుల వీపు మీది పెట్రోలు స్ప్రేయర్లలో చిన్న కార్బరేటర్లు, చోక్‌లు ఉన్నాయి. చోక్ తీయడం మరిచి తాడు లాగితే అవీ ఫ్లడ్ అవుతాయి. వాటికీ ప్లగ్గు విప్పి, చోక్ తెరిచి, రేజు పూర్తిగా పెట్టి, తాడును పదిసార్లు లాగడమే మందు.