ఏడవని బిడ్డ

పోయినసారి పుంగనూరు జమీను కింద మా పెద్దోళ్ళు చేసిన వెట్టి గురించి రాశాను. చదివిన ఒక అక్క ఫోన్ చేసి, "పొద్దుపొడవకముందే చేనికి పోయే ఆడోళ్ళు చంటిబిడ్డల్ని ఏం చేసేవాళ్ళు?" అని అడిగింది. ఆ మాట చెప్పాలంటే నా తమ్ముడి దగ్గర మొదలుపెట్టాలి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పుంగనూరు పక్కన మా పల్లె. చెనక్కాయ కలుపు రోజులు. అమ్మ చేన్లో ఉంది. నేను గెనిమ మీద కానుగ చెట్టు కింద, ఏడునెలల తమ్ముణ్ణి సంకనేసుకొని ఉన్నాను. బడంటారా? బిడ్డనెత్తుకునే ఆడపిల్లకు బడి ఎక్కడిది! పొద్దున్నుంచీ వాడికి బేదులు. మొదట్లో కాళ్ళు పొట్టకేసి ముడుచుకొని, గుప్పిళ్ళు బిగించి ఏడ్చాడు. ఎండ ఎక్కేకొద్దీ ఏడుపు సన్నబడింది. మధ్యాహ్నానికి ఆగిపోయింది. చేను చూడ్డానికొచ్చిన ఆసామి, "మీ బిడ్డలే నయం, గొంతే ఎత్తరు" అన్నాడు. నాకూ సంతోషమే అయింది. చేతులకు కాస్త ఊపిరాడింది కదా.

అంతలో అమ్మకు పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. పరిగెత్తుకొచ్చి రొమ్ము నోటికిస్తే వాడు పట్టలేదు. నోరు ఎండిపోయి ఉంది. కళ్ళలో తడి లేదు. పక్క సాలులో ఉన్న అవ్వ వచ్చి మాడు మీద అరచెయ్యి పెట్టి, "గుంట పడిందే!" అని కేకేసింది. సాయంత్రం బస్సుకు మదనపల్లెకు పోయాం. అక్కడి నర్సమ్మ వాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి వదిలింది. మడత అట్లాగే నిలబడి నిదానంగా దిగింది. "ఏడ్చినన్నాళ్ళూ బిడ్డలో సత్తువుందమ్మా. ఏడుపు మానితే ఒక్క నిమిషం ఆగొద్దు" అని అమ్మకు చెప్పింది. రాత్రంతా చెంచాతో నీళ్ళ మందు పోశారు. తెల్లవారుజామున వాడు అమ్మ ఒళ్ళో ఒకటికి పోసి, గొంతెత్తి ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే అమ్మ నవ్వడం నాకింకా గుర్తుంది.

అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమెకు అమ్మకంటే ముందు పుట్టిన ఇద్దరు పోయారు. వాళ్ళ మాట ఎప్పుడొచ్చినా "నెమ్మదైన బిడ్డలు, ఏడ్చేవాళ్ళే కాదు" అనేది. ఆ రాత్రి తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు.

అవ్వకు తెలియక కాదు. అవ్వ మంత్రసాని. ఆసాముల ఇళ్ళలో బిడ్డ పుడితే పిలుపు మా మాలపేటకే వచ్చేది. బిడ్డను కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోసేటప్పుడే ఏది కడుపునొప్పో, ఏది చెవిపోటో చెప్పేది. తల అటూ ఇటూ తిప్పి పెదాలు చప్పరిస్తే ఆకలి. చెవి లాక్కుంటే నొప్పి. ఒళ్ళు జలదరిస్తే ఒకటికి. వెంటనే పాదాల మీద కూర్చోబెట్టి "ష్ష్" అనేది. పురుడు కడిగినాక అదే ఇంటి గడప ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆసామి బిడ్డల పక్కన కూర్చోను దొరికిన ఆ పూటలు సొంత బిడ్డల పక్కన దొరకలేదు. మదనపల్లెలో మిషన్ వాళ్ళ ఆడోళ్ళ ఆసుపత్రి, మేరీ లాట్ లైల్స్, 1911 నుంచీ ఉంది. బస్సెక్కితే పోయే దూరమే. పూట కూలి పోగొట్టుకొని పోవాలి, అంతే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్ 1954-55లో ఉగాండా పల్లెల్లో తల్లుల ఇళ్ళకు తిరిగి, వాళ్ళు బిడ్డల సైగల్ని ఎట్లా పట్టుకుంటారో గమనించింది. 1967లో పుస్తకం రాసింది. ఈరోజు పేరెంటింగ్ క్లాసుల్లో చెప్పే చాలా మాటలకు అదొక పునాది. నల్లజాతి పల్లె తల్లుల దగ్గర చూసి నేర్చిన విద్య మనకు ఫీజు కడితే తిరిగొస్తోంది! సైగను చూడాలి, సరిగ్గా అర్థం చేసుకోవాలి, వెంటనే స్పందించాలి అంటుంది ఆమె. మూడింటికీ తల్లి పక్కన ఉండాలి కదా.

ఈ మాట బాబాసాహెబ్ 1928 జూలైలోనే బొంబాయి శాసనమండలిలో ఎత్తాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలనీ, ఆ భారంలో ప్రభుత్వం పాలుపంచుకోవాలనీ వాదించాడు. 1929లో బొంబాయిలో ప్రసూతి చట్టం వచ్చింది. మిల్లు ఆడోళ్ళు పనికి పోతూ బిడ్డలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చుతున్నారని 1931 నాటి రాయల్ లేబర్ కమిషన్ నివేదిక రాసింది. అక్కడా బిడ్డల నోరు మూయించాకే పని సాగింది. మన చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మద్రాసు చట్టం 1934లో వచ్చింది, ఫ్యాక్టరీ ఆడోళ్ళకు. చెనక్కాయ చేను ఫ్యాక్టరీ కాదు. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. మదనపల్లె టమాటా మండీలో కాయలేరే రోజుకూలీకి ఆ 26 వారాలు ఎవరిస్తారు? అంగన్‌వాడీ బడి మూడేళ్ళు నిండినోళ్ళకు. ఉపాధి పనిలో ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోను ఒక మనిషిని పెట్టాలని 2005 చట్టంలోనే రాశారు. మీ ఊర్లో పెట్టారేమో ఒకసారి అడిగి చూడండి.

పోయిన నెల కుప్పంలో ఒక ఇంటికి పోయాను. అక్కడి నుంచి పొద్దున రైళ్ళకు బెంగుళూరు కూలికి పోయేవాళ్ళు ఎంతమందో. ఆ ఇంటి కూతురు బిల్డింగు పనిలో ఉంది. యాభైమందికి పైగా ఆడోళ్ళు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 1996 చట్టంలో రాశారు. ఆ పిల్ల మేస్త్రీ కింద పన్నెండు మందే. ఐదునెలల బిడ్డ అవ్వ ఒళ్ళో ఉన్నాడు. నేనుండగానే వీడియో కాల్ వచ్చింది.

"ఏడ్చినాడా మా?"

"ఏడ్చినాడు. ఇల్లెగిరిపొయ్యేట్టు ఏడ్చినాడు."

"చెవి లాక్కుంటా ఉండాడా?"

"లేదు, ఆకలికే. తాగి పండుకున్నాడు."

"ఫోను దగ్గరికి పెట్టు, చూస్తా."

అవ్వ ఫోను బిడ్డ మొహం మీదికి వంచింది. ఆ పిల్ల సిమెంటు చేతిని కొంగుకు తుడుచుకొని కాసేపు చూసింది. వెనక ఎవరో కేకేస్తే పెట్టేసింది.