ఐదు మిగిలింది

1934. వాల్తేరు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. కేంబ్రిడ్జిలో లిటిల్‌వుడ్ దగ్గర డాక్టరేటు చేసి వచ్చిన సర్వదమన్ చౌలాకి ఇంకా ఇరవయ్యేడేళ్లు నిండలేదు. బల్ల మీద హంసరాజ్ గుప్తా కట్టిన లెక్కల పట్టిక. వేలు 243 దగ్గర ఆగింది. దాని పక్కన పదిహేనంకెల సంఖ్య: 133978259344888.

ఏడుతో భాగించారు. శేషం లేదు. మళ్లీ ఏడుతో. శేషం లేదు. మూడోసారీ నిశ్శేషంగా పోవాలి. పోతుందన్నది సాక్షాత్తూ రామానుజన్!

ఇంతకీ ఏమిటా సంఖ్య? నాలుగుని ఐదు రకాలుగా విడగొట్టొచ్చు: 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. వీటినే విభజనలంటారు. 243కి అలాంటివి దాదాపు 134 లక్షల కోట్లు. ఆయిలర్ సూత్రంతో ఈ ఒక్క విలువ రాబట్టాలంటే అంతకుముందు విలువల్లో 24 తీసుకుని కూడుతూ, తీసేస్తూ పోవాలి. ఎక్కడైనా ఒక్క అంకె తప్పితే ఆ తప్పు కిందిదాకా పాకుతుంది.

మేజర్ మెక్‌మహాన్ 200 వరకు కట్టిన పట్టికలో రామానుజన్‌కి ఓ క్రమం కనిపించింది. ఏదైనా సంఖ్యను 24తో హెచ్చవేసి ఒకటి తీసెయ్యండి. వచ్చినది 5, 7, 11 అనే ప్రధాన సంఖ్యల ఏ ఘాతంతో నిశ్శేషంగా పోతే, మొదటి సంఖ్య విభజనల లెక్క కూడా అదే ఘాతంతో పోతుందని ఆయన ఊహ. 47కి 124754 విభజనలు, 49తో పోయింది. 99కి 169229875, 125తో పోయింది. ఏడు ఘనం 343 మాటేమిటి? ఆ షరతుకి సరిపడే మొట్టమొదటి సంఖ్య 243. పట్టికేమో 200 దగ్గరే ఆగిపోయింది. 1920లో రామానుజన్ కన్నుమూశారు. పట్టికను ముందుకు సాగదీసింది గుప్తా.

చౌలా మూడోసారి భాగించారు. ఐదు మిగిలింది.

ఆ 1934లోనే లండన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌లో ఆ సంగతి అచ్చయింది. ఉస్మానియా క్యాంపస్‌లో చదివే కుర్రాడెవరైనా తార్నాకలో బస్సు కోసం నిలబడి ఫోన్‌లోనే సరిచూసుకోవచ్చు. రెండుసార్లు భాగించాక వచ్చే 2734250190712ని ఏడుతో భాగిస్తే చుక్క తర్వాత 714 ప్రత్యక్షమవుతుంది. 200 దాకా ఒక్క వరుసా ఎదురుతిరగని ఊహని కాదనడానికి ఆ ఒక్క వరుస చాలింది.

అలాగని రామానుజన్ చూపిన దారి మూసుకుపోలేదు. 1938లో గణితవేత్త వాట్సన్ 5 ఘాతాలకు ఊహని ఉన్నదున్నట్టే రుజువు చేశారు. 11 సంగతి 1967లో అట్కిన్ తేల్చారు; అక్కడా రామానుజన్ మాటే నిలిచింది. 7కి మాత్రం వాట్సన్ సవరణ చేయాల్సి వచ్చింది: 343 అడిగిన చోట 49కి హామీ ఉంటుంది, అంతకుమించి ఉండదు. ఏడు, రామానుజన్ అనుకున్నంత ధారాళమైన సంఖ్య కాదు.