వర్షావాసము

మగధదేశమున బౌద్ధసంఘము ఇంకను శైశవావస్థయందున్న కాలమున, వానకారు వచ్చినను సంచారము మానక పచ్చగడ్డిని త్రొక్కుచు, నేలపై తిరుగు సూక్ష్మజీవులను చంపుచు నడచు భిక్షువులను చూచి, ఇతరమతముల పరివ్రాజకులు సైతము ఈ కాలమున ఒకచోట నిలుతురు గదా, పక్షులైనను చెట్లకొనలందు గూళ్లు కట్టుకొని యుండును గదా, వీరికి మాత్రము నిలుకడ యేల లేదని జనులు ఆక్షేపించిరనియు, ఆ మాట చెవిని పడగా బుద్ధుడు రాజగృహమున, వానకాలము ఒకచోట నిలిచియుండు వర్షావాసమును విధించెననియు భిక్షునియమముల గ్రంథమైన వినయపిటకము చెప్పుచున్నది. బోధకుడు తనంతట తాను విశ్రాంతిని కోరలేదు. అతనిని నిలువుమని గృహస్థులే కోరిరి. ధర్మబోధకుని విశ్రాంతి అతని సొంతవ్యవహారము కాదనియు, అది సంఘమునకును గ్రామమునకును నడుమ నుండవలసిన ఒడంబడిక యనియు నేను తలచుటకు మొదటి ఆధారమిదే.

ఆషాఢపూర్ణిమ మరునాటినుండి మూడు నెలలు, అందుకు వీలుపడనివారికి ఒక నెల గడచిన పిదప మూడు నెలలు గడువు. చెట్టుతొఱ్ఱలోను, కొమ్మల పంగలోను, గొడుగు క్రిందను, ఆరుబయటను, కడకు పెద్ద బానలోను ఆ కాలము గడప యత్నించినవారు కలరు, అవియన్నియు నిషిద్ధములైనవి. దేహమును శిక్షించుకొనుటకు ఈ మాసములు ఏర్పడలేదన్నమాట. తల్లిదండ్రులు జబ్బుపడినను, తోటిభిక్షువు రోగియైనను, ఏడు రోజులలో తిరిగి వచ్చునట్లు వెళ్లవచ్చును. పసులకాపరుల మందలో వర్షావాసము చేయువాడు మంద కదలిన దానివెంట కదలవచ్చును. ఊరు కాలిపోయినను, దొంగలు పైబడినను, చోటు విడిచిపోయినవానికి దోషము లేదు.

ఇంతకంటె నన్ను ఆలోచింపజేసినది కోసలదేశపు భిక్షువుల కథ. కలహము రాకుండుటకై వారు మూడు నెలలు నోరు విప్పరాదని ఒప్పందము చేసికొని, భిక్షనుండి ముందు వచ్చినవాడు ఆసనములు పరచి కాళ్లు కడుగుకొనుటకు నీళ్లుంచుటయు, వెనుక వచ్చినవాడు చోటు ఊడ్చి అన్నియు సర్దుటయు నియమముగా పెట్టుకొని, సాయము వలసినప్పుడు చేసైగతో పిలుచుకొని, గడువు తీరిన పిమ్మట శ్రావస్తికి పోయి తాము సుఖముగా నుంటిమని బుద్ధునితో చెప్పిరి. ఆయన మెచ్చుకొనలేదు. పశువులు కలిసియుండునట్లు ఉంటిరని మందలించి, వర్షావాసాంతమున ప్రతి భిక్షువును తనయందు చూచిన, విన్న, సందేహించిన దోషమును చెప్పుడని తక్కినవారిని ప్రార్థింపవలెనని శాసించెను. ఇదియే ప్రవారణము. ఇతరుల తప్పులను సరిదిద్దుటయే పనిగా గలవానికి తన తప్పును చెప్పువారు దొరకుట అరుదు. అట్టివానికి నిద్రకంటెను ఏకాంతముకంటెను ఇదియే ఎక్కువ సత్తువనిచ్చునని నా దృఢవిశ్వాసము.

ఈ ఆచారమునకు వలసిన వసతులు తెనుగుదేశమున రాతిలో నిలిచియున్నవి. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము పోవు దారిలో, సముద్రమున కెదురుగానున్న తొట్లకొండమీద భిక్షువుల గదుల వరుసలును, నీరు నిలుపుటకై బండను తొలిచిన తొట్లును నేటికిని చూడవచ్చును. నాగార్జునకొండలోయలో ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 14వ పాలనాసంవత్సరమున ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనము మరింత విలువైనది. సింహళస్థవిరులకొరకు చైత్యగృహము కట్టించిన ఆమె, తన ఇతర దానములను పేర్కొనుచు దేవగిరియందు ధ్యానశాలను, హిరుముఠువలో మూడు గదులను, పాపిలలో ఏడు గదులను చెప్పినది. మహాస్తూపములకు శిల్పఫలకములు పొదిగించినవారిని అందరును కీర్తింతురు. పేరు తెలియని భిక్షువు తడవకుండ పండుకొనుటకు గది కట్టించిన ఈమె నాకు అంతకంటె పెద్దదాతగా కనబడును.

జైనమునులు కార్తికపూర్ణిమవరకు నాలుగు నెలలు నిలుతురు. మన సన్న్యాసులు ఆషాఢపూర్ణిమనాడు వ్యాసపూజతో చాతుర్మాస్యము పూని, పక్షమును మాసముగా లెక్కించి భాద్రపదపూర్ణిమకు ముగింతురు. నిత్యపూజ ఆగరాదు గనుక ఊరిగుడి అర్చకునికి మాత్రము ఇట్టి విరామము దొరకలేదు. ఈ లోటు నాకు బాధ కలిగించును.

మరల బౌద్ధుల ఆచారమునకు వత్తము. ప్రవారణము తరువాతి నెలలో గృహస్థులు సంఘమునకు చీవరము, అనగా భిక్షువు ధరించు వస్త్రము, కుట్టుటకై కఠినమను వస్త్రమును సమర్పింతురు. చీవరము చిరిగిన భిక్షువు నొకనిని సంఘము ఎన్నుకొని దానినిచ్చును. ఆనాడే కత్తిరించి, కుట్టి, రంగువేసి ముగింపవలెను, ఆ పనిలో తోటివారందరును చేయి కలుపవలెను. వర్షావాసమును భంగపరచినవానికి ఈ కఠినదానఫలములో పాలు లేదు. సంఘమున పెద్దరికము సైతము పుట్టినయేటినిబట్టి గాక, ఉపసంపద యను పూర్ణదీక్ష పొందిన నాటినుండి గడచిన వర్షములనుబట్టియే నిర్ణయింపబడును.