కొండాపూర్ నుంచి కంది దాకా: మైనం దారిలో మన చిత్రకళ

లింగంపల్లి దాటి ముంబయి రహదారి పట్టుకుని పడమరగా వెళితే రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరసగా వస్తాయి. టర్బైన్లు, మందులు, రసాయనాలు, మిల్లెట్ విత్తనాల పరిశోధన అనగానే గుర్తుకొచ్చే దారి ఇది. చిత్రకళ అంటే మాత్రం ఈ ఊళ్ల పేర్లు ఎవరి నోటా రావు. అయితే 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగేదాకా సంగారెడ్డి ఉమ్మడి మెదక్ జిల్లాకు కేంద్రం. ఆ ఉమ్మడి జిల్లా కాపు రాజయ్యను, లక్ష్మాగౌడ్‌ను, యాసాల బాలయ్యను తెలుగు చిత్రకళకు ఇచ్చింది. వీరి వెనకా ముందూ ఉన్న తరాల పనిని కలిపి చూసినప్పుడు, రంగుకన్నా, కుంచెకన్నా మరుగున ఉండిపోయిన ఒక వస్తువు పదేపదే కనిపిస్తుంది. అది మైనం. మన దగ్గర మైనం పని ముగించుకుని వెళ్లిపోతూ వచ్చింది. పాశ్చాత్య దేశాల నైరూప్య చిత్రకారులు దాన్ని చిత్రం మీదే నిలబెట్టారు. ఈ రెండు దారులూ ఎక్కడ విడిపోయాయి, ఎక్కడ మళ్లీ దగ్గరకొచ్చాయి అన్నదే ఈ సింహావలోకనంలోని విషయం.

కథ సంగారెడ్డికి దగ్గర్లోని కొండాపూర్ దిబ్బల దగ్గర మొదలుపెట్టవచ్చు. నిజాం పురావస్తు శాఖ 1940 తర్వాత గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలు, పూసలు, అచ్చులో పోసిన తెల్లమట్టి బొమ్మలు, రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం బయటపడ్డాయి. అంటే క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఈ ఊరి సరుకు సముద్రాలు దాటి వెళ్లేది. అదే కాలంలో, అదే రోమన్ వాణిజ్యంలో భాగమైన ఈజిప్టులో, చనిపోయినవారి ముఖాలను చెక్కపలకల మీద వేడి మైనంలో కలిపిన రంగులతో గీసేవారు. ఫయూమ్ చిత్తరువులుగా ప్రసిద్ధమైన ఆ ముఖాలు, దాదాపు 2 వేల ఏళ్ల తర్వాత కూడా కన్నుల్లో తడి ఆరనట్టే ఉంటాయి. తేనెమైనంలో రంగు కలిపి, కాచి, వేడి మీదే పులిమే ఆ పద్ధతిని ఎన్‌కాస్టిక్ అంటారు. కొండాపూర్ వర్తకుడు ఆ చిత్రాలను చూశాడని ఊహించడానికి ఆధారమేమీ లేదు. ఒకే వర్తక ప్రపంచానికి రెండు కొసల్లో ఉన్నవారు అచ్చుకూ, మైనానికీ వేర్వేరు పనులు అప్పగించారని మాత్రం చెప్పగలం.

వెయ్యేళ్ల తర్వాత పటాన్‌చెరు పేరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల రెండో జయసింహుడికి అది విడిది నగరం, జైనులకు పెద్ద కేంద్రం. అక్కడి రాతి శిల్పాలు కొన్నింటిని ఈనాటికీ హైదరాబాద్ మ్యూజియాల్లో చూడవచ్చు. అదే వంశంలో వచ్చిన మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో 'మానసోల్లాసం' కూర్పించాడు. వంటలు, వేట, ఏనుగుల వైద్యం దాకా అన్నీ ఉన్న ఆ గ్రంథంలో మధూచ్ఛిష్ట విధానం, అంటే మైనపు బొమ్మ చేసి, మీద మట్టి పూసి, కాల్చి, మైనం కరిగి పారిన ఖాళీలో లోహం పోసే పద్ధతి, తూకాలతో సహా ఉంది. వెండి విగ్రహానికి మైనం బరువుకు 12 రెట్లు, బంగారానికి 16 రెట్లు లోహం తీసుకోవాలని లెక్క. రాజులు పోయారు, గ్రంథం పండితుల పాలయింది. కానీ ఆ పని ఆదిలాబాద్ జిల్లా ఓజుల చేతుల్లో మిగిలింది. మట్టి గుండు మీద సన్నని మైనపు తీగలు ఒకదాని పక్కన ఒకటి చుట్టి వాళ్లు పోసే ఇత్తడి బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తీగ గీత లోహంలోకి దిగుతుంది, తీగ మాత్రం మిగలదు. మన మైనం స్వభావమంతా అక్కడే ఉంది.

బట్ట మీదకు వచ్చేసరికి ఆ స్వభావం ఇంకా సూక్ష్మమైంది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ వస్త్రాలు పారశీకానికీ, ఐరోపాకూ వెళ్లేవి. 17వ శతాబ్ది నడుమ తయారైన గోల్కొండ రుమాలు ఒకటి ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మనుషులు, చెట్లు, పక్షులు, జింకలు ఒకరి మీద ఒకరు పడకుండా కిక్కిరిసి ఉన్న ఆ బట్టలో నీలం ఎలా వచ్చిందన్నది అసలు విశేషం. చాయవేరు ఎరుపును పటికతో రాసి ఉడికించి తెప్పించవచ్చు. నలుపును ఇనుము ఊరబెట్టిన ద్రావణంతో రాయవచ్చు. అప్పట్లో నీలిమందు మాత్రం కలంతో రాస్తే పట్టేది కాదు, తొట్టెలో ముంచాల్సిందే. ముంచితే బట్టంతా నీలమవుతుంది. కాబట్టి నీలం అక్కర్లేని చోటల్లా మైనం కప్పేవారు. ఆకు పచ్చగా రావాలంటే ముందు నీలం, తర్వాత పసుపు. అంటే ఒక చిన్న ఆకు కోసం మిగతా బట్టంతా మైనం కప్పుకునేది.

ఈ పని తీరును బయటి ప్రపంచానికి వివరంగా చెప్పినవారిలో గాస్తోం-లొరాం కూర్దూ ఒకరు. పాండిచ్చేరి ప్రాంతంలో ఉన్న ఈ ఫ్రెంచి జెస్యూట్ ఫాదరీ, తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చిన పండితుడు కూడా. తన మతంలో చేరిన అద్దకపువారిని అడిగి తెలుసుకుని 1742లో రాసిన లేఖలో, మైనాన్ని ఎలా కాచాలి, ఇనుప కలంతో ఎలా పూయాలి, ఎండలో పెట్టి రెండోవైపుకు ఎలా ఇంకించాలి, చివరకు మరిగే నీళ్లలో ఎలా వదిలించాలి అన్నీ రాశాడు. నిఘంటువు కోసం మాటలు ఏరిన శ్రద్ధే ఆ లేఖలోనూ కనిపిస్తుంది. ఫ్రాన్సు అద్దకపు పరిశ్రమకు ఆ లేఖ అక్కరకొచ్చిందన్నది వేరే కథ. మన దగ్గర ఆ పనివాళ్ల పేర్లు ఒక్కటీ మిగల్లేదన్నది మాత్రం మనసులో ముల్లులా ఉంటుంది.

1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు మార్కెట్లోకి దిగింది. నీలి తొట్టెలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. తొట్టె పోయాక మైనానికి పని లేకుండా పోయింది. 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో కలంకారీ మళ్లీ ఊపిరి పోసుకుంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటివారు దాన్ని పద్మశ్రీ దాకా తీసుకెళ్లారు. కానీ నీలాన్ని ఇప్పుడు చాలావరకు కలంతోనే నేరుగా పూస్తున్నారు. మైనపు మెట్టు తిరిగి రాలేదు.

మైనం మరో దారిలో వచ్చింది. 1927లో రవీంద్రనాథ్ ఠాగూర్ జావా పర్యటన తర్వాత శాంతినికేతన్‌లో మైనం కప్పి బట్టకు రంగు అద్దే బాతిక్ వేళ్లూనింది. 1941లో చిత్తూరు సమీపంలోని నందనూరు నుంచి ఒక కుర్రవాడు అక్కడి కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చేరాడు. అతనే తర్వాత ప్రపంచమెరిగిన కృష్ణారెడ్డి. మద్రాసు కళాక్షేత్రం, లండన్ స్లేడ్ స్కూలు, పారిస్‌లో హేటర్ నడిపిన ముద్రణ కార్యశాల అతెలియే 17, చివరకు న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఆయన నడిచిన దారి పొడవైనది. తెలుగువారిలో నైరూప్యం వైపు అంత దూరం వెళ్లినవారు అరుదు. 'వర్ల్‌పూల్', 'వేవ్' (రెండూ 1963) చూసినవారికి, నీటిని బొమ్మగా కాకుండా నీటి కదలికను మాత్రమే పట్టుకున్న సంగతి అర్థమవుతుంది. అందుకాయన వాడిన విస్కాసిటీ ముద్రణ పద్ధతిలో మైనం లేదు. కానీ కిటుకు మన అద్దకపువారిదే. శిల్పి చెక్కినట్టు లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె ఎక్కువగా ఉన్న సిరాను ఒక రోలరుతో, తక్కువ ఉన్న సిరాను ఇంకో రోలరుతో పూస్తారు. నూనె నిండుగా ఉన్నచోట రెండో సిరా అంటదు. అలా ఒకే పలక, ఒకే ఒత్తిడి మీద అన్ని రంగులూ దిగుతాయి. ఒక రంగును ఇంకో రంగు దగ్గరకు రానీయకుండా ఆపడమే చిత్రంగా మారడం, గోల్కొండ రుమాలులోనూ జరిగింది అదే. ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో కన్నుమూశారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు చూస్తే, మనం మన పెద్దవాళ్లను ఎంత పొదుపుగా తలచుకుంటామో తెలుస్తుంది.

మద్రాసులోనూ బాతిక్ తన వంతు చేసింది. నైరూప్యానికి దక్షిణాది భాష కట్టిన కె.సి.ఎస్. పణికర్, ఆయన శిష్యులు బాతిక్ వంటి చేతిపనులు అమ్మిన డబ్బుతోనే 1966లో చోళమండలం కళాకారుల గ్రామానికి స్థలం కొన్నారు. కాన్వాసు మీద తమకు నచ్చింది గీసుకునే స్వేచ్ఛకు మైనం, రంగుతొట్టె అద్దె కట్టాయన్నమాట.

ఇక మన పారిశ్రామిక దారికి వద్దాం. 1960ల నడుమ రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉత్పత్తి మొదలుపెట్టింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఆ దశాబ్దంలోనే పారిశ్రామికవాడ పెరిగింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక పెరుగుదల ఇంకా ఊపందుకుంది. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వెలిసింది. పరిశ్రమల కాలుష్యంతో నక్కవాగు రంగు మారింది, మంజీర మీద బతికే ఊళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయి. ఇదే కాలంలో హైదరాబాద్ చిత్రకళ కూడా ఆకారాన్ని వదిలే ధైర్యం తెచ్చుకుంది. పి.టి. రెడ్డి తాంత్రిక చిహ్నాల గుండా అటు నడిచారు. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ తుక్కైన మోటారు కార్లను తీసుకుని, వాటి ఇనుపరేకుల వంపుల్లోంచి రంగుల కూర్పులు లాగారు. యంత్రయుగాన్ని తెలుగు చిత్రకారుడు కళ్లలో కళ్లు పెట్టి చూసిన సందర్భం అదేననిపిస్తుంది. తర్వాత ఆయన నీళ్ల మీది నీడల వైపు, తామరల వైపు వెళ్లిపోయారు. ఆ తుక్కు బొమ్మలనే ఇంకొన్నాళ్లు గీసి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ ఆశ.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ నైరూప్యం జోలికి పోలేదు. ఆయన మేకలు, తాటిచెట్లు, కామం, ఊరి మనుషులు అన్నీ ఆకారాలే. అయినా మైనం చరిత్రలో ఆయన స్థానం గట్టిది. హైదరాబాద్‌లో చదివి, 1963 నుంచి 65 దాకా బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర ముద్రణ నేర్చుకున్న ఆయనకు ఎచింగ్ ప్రధాన మాధ్యమమైంది. జింకు పలకను వేడిచేసి, తేనెమైనం, తారు జాతి పదార్థం, రాళ్ల గుగ్గిలం లాంటి రెజిన్ కలిపిన పూత పూస్తారు. దాన్ని పొగచూరబెట్టి నల్లగా చేసి, సూదితో గీస్తారు. గీసినచోట లోహం మెరుస్తుంది. పలకను ఆసిడ్‌లో ముంచితే గీత తినబడుతుంది, పూత కాపాడిన చోటు చెక్కుచెదరదు. తర్వాత పూతను తుడిచేస్తారు. లక్ష్మాగౌడ్ గీతలోని ఆ వెంట్రుకవాసి వణుకు, కాగితం మీద కలంతో వచ్చేది కాదు. మైనం మీద సూది ఎంత తేలిగ్గా జారుతుందో అంత తేలిగ్గా వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆయన తయారుచేసిన తరాలు ఆ చేతివాటాన్ని అందిపుచ్చుకున్నాయి. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

సిద్దిపేటది మరో కథ. నకాషీ పటచిత్రాల రేఖను టెంపరా రంగుల్లోకి తెచ్చిన కాపు రాజయ్య ఊరు అది. అక్కడే యాసాల బాలయ్య బాతిక్‌ను పట్టుకుని పల్లె జీవితాన్ని బట్ట మీద రాశారు. 2020లో మరణించేదాకా ఆయన పేరు బాతిక్‌తోనే ముడిపడి ఉంది. బాతిక్ ఎరిగినవారికి ఒక సంగతి తెలుసు. తేనెమైనం సాగుతుంది, పారఫిన్ విరుగుతుంది. రెండూ కలిపే పాళ్లను బట్టి బట్ట మడిచినప్పుడు మైనం పగులుతుంది, ఆ పగుళ్లలోకి రంగు దూరి సాలెగూడులా గీతలు పడతాయి. బొమ్మ ఎంత సాదాసీదా బతుకమ్మో, బోనమో అయినా, దాని మీద పరుచుకున్న ఆ గీతలకు ఆకారం లేదు, అర్థం లేదు, ఎవరూ గీయలేదు. నైరూప్యం మన ఊళ్లకు కళాశాలల గుండా వచ్చిందని అనుకుంటాం. నన్నడిగితే, ఈ పగుళ్ల మీదుగా అది ఎప్పుడో అడగకుండానే దిగింది. చూసేవాళ్లు దాన్ని లోపం అనుకున్నారు, లేదా ముస్తాబు అనుకున్నారు.

పాశ్చాత్య చిత్రకళలో ఇందుకు భిన్నంగా మైనం మళ్లీ పైకొచ్చి కూర్చుంది. డియెగో రివేరా 1922-23లో మెక్సికో గోడ మీద ఎన్‌కాస్టిక్ వాడాడు. 1954-55లో జాస్పర్ జాన్స్ వార్తాపత్రిక ముక్కల మీద రంగుమైనం పూసి అమెరికా జెండా చేశాడు. మైనం వెంటనే గడ్డకట్టడంతో ప్రతి కుంచె దెబ్బా విడిగా కనిపిస్తుంది, కింది అక్షరాలు పొరలోంచి తొంగిచూస్తాయి. 1960ల్లో బ్రైస్ మార్డెన్ నూనెరంగులో తేనెమైనం కలిపి, మెరుపులేని ఒకే రంగు పలకలు చేశాడు. ఆ తర్వాత అక్కడ ఈ మాధ్యమానికి ప్రత్యేకంగా రంగుల తయారీ, బడులు, పుస్తకాలు పుట్టుకొచ్చాయి.

మన వైపు ఎన్‌కాస్టిక్ అంతగా పాతుకుపోకపోవడానికి వాతావరణం ఒక కారణం. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. డామర్ రెజిన్ ఎనిమిదింట ఒక వంతు కలిపితే గట్టిపడుతుంది కానీ, మే నెలలో రేకుల షెడ్డులోనో, మూసిన వ్యాను లోపలో చిత్రాన్ని ఉంచే ధైర్యం ఎవరికీ ఉండదు. రెండో కారణం పొగ. మైనం ఎక్కువ కాగితే వచ్చే ఆవిరి ఊపిరికి మంచిది కాదు, కిటికీ, ఫ్యానుల ఏర్పాటు తప్పదు. అందుకే కాచే పని లేకుండా, ద్రావకంలో మెత్తబెట్టిన మైనాన్ని నూనెరంగుతో కలిపి కత్తితో పరిచే పద్ధతి మన వేసవికి ఎక్కువ అనువైనది. పొర మీద పొర పరిచి, గీకి, కింది రంగును బయటపెట్టవచ్చు.

ఐఐటీ హైదరాబాద్ 2015లో ఎద్దుమైలారం తాత్కాలిక ఆవరణ వదిలి కందికి వచ్చింది. డిజైన్ విద్య ఇప్పుడు ఈ రహదారి పక్కనే సాగుతోంది. అక్కడి పిల్లల్లో ఎవరైనా మైనంతో నైరూప్యం చేయాలనుకుంటే, అమెరికా పుస్తకాలు తర్వాత చూడమంటాను. ముందు ఆదిలాబాద్ వెళ్లి ఓజులు మైనాన్ని ఎంత వేడి మీద ఎంత సన్నని తీగగా సాగదీస్తారో చూడాలి. తర్వాత సిద్దిపేట బాతిక్ బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఆ పగుళ్లను చూడాలి. ఇది పాతకాలపు పక్షపాతమే కావచ్చు. పాళ్లు మాత్రం అక్కడే తెలుస్తాయి.