పసివాని మాడు

నవీపేట్ ప్రాంతపు తల్లులు పసిబిడ్డ మాడుకు ఆముదము అద్దుదురు. పుర్రె ఎముకలు ఇంకను కలియలేదనుటకు ఆ మెత్తదనమే గుర్తు. పెరిగే మెదడుకు ఆ అతుకులే చోటిచ్చును.

అతుకు ముందే కలిసినచో పుర్రె దానికి అడ్డముగా పెరుగజాలక, దాని వెంబడి సాగునని 1851లో జర్మను వైద్యుడు విర్ఖో వివరించెను. నడినెత్తి అతుకు మూసుకొన్న బిడ్డ తల పడవవలె పొడవగుట ఇందువలననే. కొందరిలో తలలోపలి ఒత్తిడి హెచ్చి, దృష్టినాడి చెడి, చూపు పోవును.

1890లో పారిస్‌లో లానలాంగ్, 1892లో అమెరికాలో లేన్ శస్త్రచికిత్సలను ప్రకటించిరి. అయితే మెదడే పెరుగక తల చిన్నదైన శిశువులకును ఈ కోత జరిగెను, పలువురు మరణించిరి. 1894లో జాకబీ దీనిని తీవ్రముగా ఖండించెను. అతుకు దోషము వేరు, మెదడు లోపము వేరు అని తేలిన పిమ్మటనే చికిత్స నిలదొక్కుకొనెను.

మాడు మెత్తగా నున్నను, తల ఆకారము వింతగా మారుచున్నచో తొలి నెలలలోనే బిడ్డను వైద్యునకు చూపవలెను. ఆముదము అద్దు చేయియే మొదటి పరీక్ష.