ఎలుగెత్తడం
“ఎలుగెత్తి పిలవడమంటే ఎలుగుబంటిని ఎత్తుకోవడమా తాతయ్యా?” అంది మా మనవరాలు, బొమ్మల పుస్తకంలోంచి తలెత్తి. నవ్వొచ్చింది గానీ, తీసిపారేసే ప్రశ్న కాదది. పాత తెలుగులో ‘ఎలుగు’ అంటే గొంతు, ఎలుగుబంటీ ‘ఎలుగే’. రూపం ఒకటే, మాటలు వేరు. గొంతు ఎలుగు ఇప్పుడు ఎక్కువగా ‘ఎలుగెత్తి’లోనే మిగిలింది. జంతువు ఎలుగుకు తమిళ ‘ఎణ్కు’ చుట్టం. సంస్కృత భల్లూకమేమో ‘భల్లూకపు పట్టు’లో స్థిరపడింది. నిజానికి మన నల్లమల ఎలుగు గొప్పంతా పీల్పులో ఉంది: పుట్ట తవ్వి, మట్టి ఉఫ్‌మని ఊది, పైవరసలో రెండు ముందుపళ్లు లేని సందులోంచి చెదల్ని జుర్రేస్తుంది. ఆ చప్పుడు దూరానికి కూడా వినిపిస్తుంది. కూనలు తల్లి వీపెక్కి ఊరేగుతాయని చెప్పాను. “అయితే ఎలుగునెత్తుకునేది ఎలుగే!” అని తేల్చేసింది.